గదిలో ఉన్నవాళ్ళందర్నీ ఎందుకు బయటికి పంపిస్తున్నట్టు?

"దేవుడు నాతో మాట్లాడాడు సిస్టర్, నా జీవిత భాగస్వామివి నువ్వేనని చూపించాడు." ఈ మాట తమతో ఎవరో ఒకరు అన్నారని మా యూత్ క్లాసులో ఆడపిల్లలు చెప్పగా నేను చాలాసార్లు విన్నాను. మొన్న మీటింగ్ అయిపోయి చాపలు చుడుతుంటే ఒక డిగ్రీ అమ్మాయి నా పక్కకొచ్చి చిన్న గొంతుతో అడిగింది, "అక్కా, దేవుడే చెప్పాడంటున్నాడు కదా, మరి నేను వద్దంటే దేవుణ్ణి వద్దన్నట్టేనా?" అని. కాదమ్మా, అస్సలు కాదు అని అక్కడికక్కడే చెప్పాను గానీ, ఎందుకు కాదో తీరిగ్గా చెప్పాలనిపించింది, అందుకే ఈ పోస్ట్. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా పదహారు నుంచి ఇరవై అయిదు మధ్యలో ఉన్న తమ్ముళ్ళు చెల్లెళ్ళు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. నువ్వంటే ఇష్టం అని ఒక అబ్బాయి అంటే దానికి అవును అనొచ్చు, కాదు అనొచ్చు, ఆలోచించుకుంటాను అనొచ్చు. దేవుడు చెప్పాడు అన్నాడంటే ఆ అమ్మాయికి ఇక జవాబు చెప్పే వీలే లేకుండా చేశాడన్నమాట. ఆ అబ్బాయి మనసులో కపటం ఉండకపోవచ్చు, తన ఇష్టాన్నే దేవుని స్వరం అనుకుని ఉండొచ్చు, అయినా అది అవతలి మనిషి నోరు నొక్కే మాటే. వాక్యం పలికినంత మాత్రాన అది దేవుని నుంచి వచ్చినట్టు కాదని మనకి తెలియాలి, అరణ్యంలో సాతాను యేసుప్రభువు దగ్గరికి వచ్చినప్పుడు 91వ కీర్తన చెప్పాడు కదా, నీ పాదాలకి రాయి తగలకుండా దూతలు నిన్ను చేతుల మీద ఎత్తుకుంటారని. ఆ వాక్యంలో తప్పేం లేదు, దాన్ని ఎందుకు వాడాడు అన్నదాంట్లోనే మోసం ఉంది. ప్రభువు కూడా ద్వితీయోపదేశకాండంలో నుంచే జవాబిచ్చాడు, నీ దేవుణ్ణి శోధించకూడదు అని. కాబట్టి బైబిల్ పట్టుకుని వచ్చే శోధనకి జవాబు ఇవ్వాలంటే మనకీ బైబిల్ తెలిసుండాలి, అదే వాక్యం పైన కింద ఏముందో చదివి ఉండాలి.

ఇంకో సంగతి చూడండి. యేసుప్రభువు పుట్టబోతున్నాడని చెప్పడానికి గబ్రియేలు దూత మరియ దగ్గరికే వచ్చాడు, ఆమె ప్రశ్న అడిగింది, ఇది ఎలా జరుగుతుంది అని, దూత విసుక్కోకుండా జవాబు చెప్పాడు, అప్పుడు ఆమె సరే అంది. ఆమెని చేసుకోబోయే యోసేపుకి దేవుడు విడిగా కలలో చెప్పాడు. మరియ చెప్పింది కాబట్టి నువ్వు నమ్మి తీరాల్సిందే అని దేవుడు యోసేపుని వదిలెయ్యలేదు. లోకంలో ఇంకెవ్వరికీ రాని సందర్భంలో కూడా ఇద్దరితోనూ వేరువేరుగా మాట్లాడిన దేవుడు, నీ పెళ్ళి గురించి మాత్రం కీబోర్డు వాయించే బ్రదర్‌కి చెప్పి నీకు చెప్పకుండా ఉంటాడా? నీ ఇంటి దారి దేవుడికి తెలుసు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. బైబిల్లో ప్రేమ పేరుతో జరిగిన మోసాలు, శోధనలు వరసగా చదువుకుంటూ వస్తే నాకు ఒకటి మళ్ళీ మళ్ళీ కనిపించింది. పాపం జరగడానికి ముందు ఆ గదిలో ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళిపోయి ఉంటారు, లేదా ఎవరో కావాలని పంపించేసి ఉంటారు.

రెండో సమూయేలు 13వ అధ్యాయం తీయండి. చర్చిలో ఈ అధ్యాయం మీద ప్రసంగం వినడం చాలా తక్కువ, పిల్లలున్నారని దాటేస్తారు, నాకైతే పిల్లలకే ముందు చెప్పాలనిపిస్తుంది. దావీదు రాజు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారు మీద మనసు పడి, ఆ బెంగతో రోజురోజుకీ చిక్కిపోయాడు. బయటినుంచి చూసేవాళ్ళకి అది ప్రేమలాగే ఉంటుంది, ఇవాళైతే అలాంటి వాడి స్టేటస్‌లు చూసి పాపం ఎంత ప్రేమో అంటారు. వాడికి యెహోనాదాబు అని ఒక స్నేహితుడు, దావీదు అన్న కొడుకే, మహా కపటం గలవాడు అని బైబిలే రాసింది. ప్లాన్ అంతా వాడిదే, జబ్బుగా ఉన్నట్టు పడుకో, నాన్న చూడ్డానికి వస్తాడు, తామారు వచ్చి నా కళ్ళముందు వంట చేసి తన చేత్తో పెడితే తింటానని అడుగు అని. దావీదు నమ్మి, తానే కబురు పెట్టి కూతుర్ని పంపించాడు. ఇది గుర్తు పెట్టుకోండి, తండ్రి పంపిస్తే వెళ్ళింది ఆ అమ్మాయి.

ఆమె వెళ్ళి పిండి తీసుకుని కలిపి, వాడు చూస్తుండగానే రొట్టెలు చేసి, కాల్చి, గిన్నెలో ముందు పెట్టింది. తినను అన్నాడు. అందర్నీ బయటికి పంపండి అన్నాడు. అందరూ వెళ్ళిపోయారు. అప్పుడు ఆ వంటకం లోపలి గదిలోకి తీసుకురా, నీ చేత్తోనే తింటాను అన్నాడు. తర్వాత ఆమెని బలవంతంగా చెరిచాడు. తామారు ఊరుకోలేదు, వద్దు అన్నయ్యా అంది, ఇశ్రాయేలులో ఇలాంటి పని చెయ్యకూడదు అంది, నా అవమానాన్ని నేనెక్కడ దాచుకోను అంది, నువ్వూ దుర్మార్గుల్లో ఒకడివైపోతావు అని వాడి గురించి కూడా ఆలోచించింది, చివరికి రాజుతో మాట్లాడు, కాదనడు అని దారి కూడా చూపించింది. వాడు ఏదీ వినలేదు. ఆ తర్వాత 15వ వచనం, అంతకుముందు ప్రేమించినదానికంటే ఎక్కువగా ద్వేషించాడు. లేచి పో అన్నాడు. పనివాణ్ణి పిలిచి దీన్ని బయటికి పంపించి తలుపు గడియ వెయ్యి అన్నాడు.

ముందు ఆమె లోపల ఉండాలని మిగతా అందర్నీ బయటికి పంపించాడు, తర్వాత ఆమెనే బయటికి నెట్టి తలుపేయించాడు. ఒకే అధ్యాయంలో రెండూ ఉన్నాయి. నిజంగా ఇష్టమైతే రాజు దగ్గరికి వెళ్ళి అడిగేవాడు, దానికి అందరి ముందూ నోరు తెరవాలి, బాధ్యత తీసుకోవాలి. వాడికి కావాల్సింది ఆ బాధ్యత లేకుండా ఆ అమ్మాయి.

ఇవాళ గది ఖాళీ చెయ్యడం అంటే గదే ఉండక్కర్లేదు. చాట్ డిలీట్ చేసెయ్ అంటాడు. ఇన్‌స్టాలో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెడతాడు. మీ అక్కకి చెప్పకు, ఆవిడకి నేనంటే పడదు అంటాడు. నీ ఫ్రెండ్ మంచిది కాదు, దాంతో తిరగకు అంటాడు, నెల తిరిగేసరికి నీకు ఫ్రెండ్సే ఉండరు. పాస్టర్ గారికి ఇప్పుడే తెలియకూడదు, సమయం వచ్చినప్పుడు నేనే చెప్తాను అంటాడు, ఆ సమయం ఎప్పటికీ రాదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్నవే, అన్నీ కలిపి చూస్తే నీ చుట్టూ ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ బయటికి పంపించేస్తున్నాడు. అమ్మాయిలూ అలాగే చేస్తారు, ఒక్క అబ్బాయిల గురించే చెప్పడం లేదు నేను.

అబ్బాయిల మాట వచ్చింది కాబట్టి యోసేపు దగ్గరికి వెళ్దాం, మరియ భర్త కాదు, అన్నలు ఐగుప్తుకి బానిసగా అమ్మేసిన పాత నిబంధన యోసేపు. ఆదికాండం 39. అమ్మినప్పుడు వయసు పదిహేడు, ఇల్లు లేదు, భాష రాని దేశం, కన్నతండ్రి ఉన్నాడో లేడో తెలీదు. యజమాని పోతీఫరు భార్య తనతో పడుకోమని ఒక్కరోజు అడిగి ఊరుకోలేదు, రోజూ అడిగింది. శోధన ఒకసారి వస్తుంది, ఒకసారి కాదంటే పోతుంది అనుకుంటాం మనం, అలా ఉండదు, సోమవారం కాదంటే మంగళవారం వస్తుంది. 10వ వచనంలో ఒక మాట ఉంది, మన కుర్రాళ్ళు దాన్ని పట్టించుకోరు. ఆమెతో పడుకోవడానికే కాదు, ఆమెతో ఉండటానికి కూడా యోసేపు ఒప్పుకోలేదు అని. అంటే పాపానికి చాలా ముందే గీత గీసుకున్నాడు. మేము మాట్లాడుకుంటాం అంతే అక్కా, ఏం చెయ్యం అని నాతో అనే తమ్ముళ్ళకి ఈ వచనమే చూపిస్తాను. ఆ రోజు ఇంట్లో పనివాళ్ళు ఎవరూ లోపల లేరు అని 11వ వచనం, ఇక్కడ కూడా ఇల్లు ఖాళీయే. ఆమె బట్ట పట్టుకుంది, యోసేపు వాదించలేదు, ప్రార్థన చేద్దాం రా అనలేదు, బట్ట ఆమె చేతిలోనే వదిలేసి బయటికి పరుగెత్తాడు. పౌలు కూడా తిమోతికి యౌవనేచ్ఛల నుంచి పారిపొమ్మనే రాశాడు, నిలబడి పోరాడమని రాయలేదు. ఆత్మలో బలంగా ఉన్నాను, నాకేం కాదు అని అర్ధరాత్రి వీడియో కాల్‌లో బైబిల్ స్టడీలు పెట్టుకునే జంటలకి నేను చెప్పేది ఇదే, ఫోన్ పెట్టేసి పడుకోండి, స్టడీ పొద్దున్న అందరితో కలిసి చేసుకోవచ్చు.

అలా పారిపోయినందుకు యోసేపుకి వెంటనే మేలేం జరగలేదు, జైలుకి వెళ్ళాడు. అన్నలు అతని అంగీని మేక రక్తంలో ముంచి తండ్రికి అబద్ధం చెప్పారు, ఈమె అతని వస్త్రాన్నే చూపించి మొగుడికి అబద్ధం చెప్పింది, రెండుసార్లూ అతని బట్టే అతని మీద దొంగ సాక్ష్యం అయింది. ఫరో ముందు నిలబడేసరికి ముప్పై ఏళ్ళు. కాబట్టి పవిత్రంగా ఉంటే దేవుడు వెంటనే మంచి సంబంధం ఇస్తాడు అని నేను ఎవ్వరికీ మాట ఇవ్వను, అలా చెప్పేవాళ్ళ ప్రసంగాలు నాకు నచ్చవు కూడా. యోసేపు ఏదో వస్తుందని కాదు కాదన్నది, దేవునికి విరోధంగా ఇంత ఘోరమైన పని ఎలా చేస్తాను అని.

సమ్సోను కథ అందరికీ తెలుసు అనుకుంటాం, సండే స్కూల్లో జుట్టు, సింహం, స్తంభాలు చెప్పి వదిలేస్తారు. పెద్దయ్యాక మళ్ళీ చదవండి, న్యాయాధిపతులు 14, 16 రెండూ పక్కపక్కన పెట్టుకుని. సమ్సోను చేసుకున్న తిమ్నాతు అమ్మాయి, అతను విందుకొచ్చిన ఫిలిష్తీయులకి వేసిన పొడుపుకథ జవాబు కోసం, పెళ్ళి విందు ఏడు రోజులూ ఏడ్చింది, నువ్వు నన్ను ద్వేషిస్తున్నావు, ప్రేమించట్లేదు, అందుకే పొడుపుకథ విప్పట్లేదు అని. చెప్పేశాడు. చాలా ఏళ్ళకి శోరేకు లోయలో దెలీలా, అతని బలం రహస్యం చెప్పమని, ఇంచుమించు అదే మాట, నీ మనసు నా మీద లేనప్పుడు ప్రేమిస్తున్నానని ఎలా అంటావు అని. మళ్ళీ చెప్పేశాడు. సింహాన్ని చీల్చినవాడు ఈ ఒక్క మాటకి రెండుసార్లూ ఓడిపోయాడు. నిజంగా ప్రేమిస్తే నీ పాస్‌వర్డ్ ఇవ్వు, నిజంగా ప్రేమిస్తే ఒక్క ఫోటో పంపు, నిజంగా ప్రేమిస్తే రూమ్‌కి రా, ఇవన్నీ ఆ పాత మాటే. ప్రేమకి రుజువు అడుగుతూ నీకున్న కాపుదలని ఒక్కొక్కటీ తీసేసుకునే మాట. అలా అడిగినవాళ్ళకి ఒకటి ఇస్తే ఆగరు, దెలీలా రోజూ విసిగించి అతనికి ప్రాణం మీదికి తెచ్చింది అని 16వ అధ్యాయం 16వ వచనం చెప్తుంది.

ఆ రహస్యం రాబడితే దెలీలాకి సమ్సోను శత్రువులైన ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరూ పదకొండు వందల వెండి నాణేలు ఇస్తామన్నారు. సమ్సోను ఆమెని ప్రేమించాడని రాసి ఉంది, ఆమె సమ్సోనుని ప్రేమించిందని బైబిల్లో ఎక్కడా లేదు, వెతికి చూసుకోండి. తిమ్నాతు అమ్మాయి సంగతి వేరు, పొడుపుకథ చెప్పించకపోతే నిన్నూ నీ పుట్టింటినీ తగలబెడతాం అని విందుకొచ్చినవాళ్ళు బెదిరించారు, భయంతో చేసింది, చివరికి ఎలాగూ ఆమెనీ ఆమె తండ్రినీ తగలబెట్టేశారు. ఆ అమ్మాయి గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు, నాకు ఆమె అంటే చాలా జాలి. మోసం చేసే ప్రతి మనిషీ డబ్బుకే చెయ్యరు, వెనక ఎవరో మెడ మీద కత్తి పెట్టి ఉండొచ్చు. ఇంకో మాట, ప్రసంగాల్లో తప్పంతా దెలీలా మీద వేసేస్తారు గానీ సమ్సోను కూడా దేంతో కట్టేస్తే తన బలం పోతుందో ఆమెకి మూడుసార్లు అబద్ధం చెప్పాడు, పచ్చి అల్లెతాళ్ళు అన్నాడు, కొత్త తాళ్ళు అన్నాడు, ఏడు జడలు మగ్గానికి నేయమన్నాడు. మూడుసార్లూ సమ్సోనూ ఫిలిష్తీయులు నీ మీద పడ్డారు అని ఆమె అరిచింది. మూడుసార్లు పట్టివ్వబోయిన మనిషి ఒళ్ళోనే నాలుగోసారి తల పెట్టి పడుకున్నాడు. ఇక్కడ గది ఖాళీగా ఉందని అతను అనుకున్నాడు, పొంచి ఉన్నవాళ్ళు లోపలి గదిలోనే ఉన్నారు. ఎవరికీ తెలియదు, మనిద్దరమే అని నువ్వు పంపించిన ఫోటో ఎంతమంది చూస్తారో అచ్చం అలాగే నీకు తెలీదు.

ఇదంతా చదివి ప్రేమే తప్పు అనుకోవద్దు, నేనలా అనను. రూతు, బోయజు కథ మీకు చూపించాలని మొదట్నించీ అనుకుంటున్నాను. రాత్రి, కళ్ళం, చుట్టూ చీకటి, అత్త నయోమి చెప్పినట్టు రూతు వెళ్ళి బోయజు కాళ్ళ దగ్గర పడుకుంది. మధ్యరాత్రి అతను ఉలిక్కిపడి లేచాడు. ఆమెకి ఎవరూ దిక్కులేరు, పరాయి దేశం పిల్ల, విధవరాలు, ఏం చేసినా అడిగేవాళ్ళు లేరు. అమ్నోనుకి దొరికిన అవకాశం కంటే పెద్ద అవకాశం ఇది. బోయజు ఏం చేశాడు, భయపడకు నా కుమారీ అన్నాడు, నిన్ను చేసుకునే హక్కు ముందుగా ఉన్న, నాకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు అని తనకి అడ్డొచ్చే నిజాన్ని కూడా దాచకుండా చెప్పాడు, తెల్లారక ముందే ఆరు కొలతల యవలు కొలిచి ఇచ్చి పంపించాడు, ఆమె మీద ఎవరూ మాట అనకుండా చూశాడు. తెల్లారాక ఊరి గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుని, పదిమంది పెద్దల్ని పిలిచి కూర్చోబెట్టి, ఆ దగ్గరి బంధువుని కూడా పిలిచి, అందరి ముందూ మాట్లాడాడు. ఒకడు గదిలోంచి అందర్నీ పంపించేశాడు, ఒకడు తానే వెళ్ళి పదిమందిని పిలుచుకొచ్చాడు. మీ చెయ్యి అడిగే మనిషి ఈ ఇద్దరిలో ఎవరిలా చేస్తున్నాడో చూసుకోండి, పాటలు ఎంత బాగా పాడతాడు, ఎన్ని ఉపవాసాలు ఉంటాడు అన్నది తర్వాత.

రిబ్కా విషయంలోనూ అంతే. అబ్రాహాము కొడుక్కి పిల్లని వెతకడానికి వెళ్ళిన సేవకుడికి దేవుడు బావి దగ్గర స్పష్టంగా గుర్తు చూపించాడు, పది ఒంటెలకి ఆ అమ్మాయి నీళ్ళు తోడింది. అయినా అతను ఆ గుర్తుని ఇంట్లో అందరి ముందూ పూసగుచ్చినట్టు చెప్పాడు, చివర్లో ఇంట్లోవాళ్ళు పిల్లని పిలిచి ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. వెళ్తాను అని ఆమె నోటితో ఆమే చెప్పింది. దేవుడు చూపించాడు అనేవాళ్ళు ఈ అధ్యాయం మొత్తం చదవాలి, సగం కాదు.

మన సంఘాల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివే పద్ధతి ఉంది కదా, సీఎస్‌ఐ, లూథరన్ చర్చిల్లో, ఫలానావారి కుమారుడికి ఫలానావారి కుమార్తెకి, అభ్యంతరం ఉన్నవాళ్ళు తెలియజేయండి అని. చిన్నప్పుడు అది బోరుగా ఉండేది, ఇప్పుడు అది వినబడగానే ఎంతో ధైర్యంగా ఉంటుంది నాకు. అప్పటికే పెళ్ళయి భార్య ఉన్న మనిషి ఈ మూడు ఆదివారాలకి భయపడతాడు. ఈ మధ్య త్వరగా చేసేద్దాం, మా పాస్టర్ గారు ఇంట్లోనే చేసేస్తారు అని తొందరపెట్టేవాళ్ళు ఎక్కువవుతున్నారు, అలాంటప్పుడు పెద్దలు ఆగి వాళ్ళ ఊరు వెళ్ళి, వాళ్ళ సంఘకాపరితో మాట్లాడి రావాలి. మ్యాట్రిమోనీ సైట్లో లండన్ డాక్టర్, భార్య చనిపోయింది, ప్రార్థనపరుడు, నీకోసం గిఫ్ట్ పంపాను కస్టమ్స్‌లో ఆగింది డబ్బులు కట్టు అంటే అది దొంగతనం, దాని గురించి ఇంతకంటే రాయను.

ఇక ఇప్పటికే మోసపోయినవాళ్ళకి. ఫోటోలు పెట్టుకుని బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వొద్దు, మళ్ళీ కలవడానికి వెళ్ళొద్దు, చాట్‌లు చెరిపెయ్యొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని ఇంట్లో నమ్మకమైన ఒక్కరికైనా ఇవాళే చెప్పండి. సైబర్ నేరాలకి 1930, మహిళల హెల్ప్‌లైన్ 181, అర్జెంటయితే 112, తెలంగాణలో ఆడవాళ్ళ కోసం 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. పెళ్ళి చేసుకునే ఉద్దేశమే లేకుండా చేసుకుంటానని నమ్మించి శారీరకంగా వాడుకోవడం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ కింద నేరం, పదేళ్ళ దాకా శిక్ష ఉంది. కేసు పెడితే సంఘం సాక్ష్యం, అంటే మంచిపేరు, పాడవుతుంది అని ఎవరైనా అంటే, పాడు చేసింది మోసం చేసినవాడు, చెప్పినవాళ్ళు కాదు అని గట్టిగా చెప్పండి.

కాపరులకి, అమ్మగార్లకి, పెద్దలకి ఒక్క మనవి. తామారు తల మీద బూడిద పోసుకుని, తను తొడుక్కున్న రంగురంగుల చీర చింపుకుని ఏడుస్తూ వెళ్తుంటే ఆమె సొంత అన్న అబ్షాలోము ఏమన్నాడో చూడండి, నా చెల్లీ, ఊరుకో, వాడు నీ అన్న, మనసులో పెట్టుకోకు అన్నాడు. దావీదుకి తెలిసింది, చాలా కోపం వచ్చింది, అంతే, కోపం తప్ప ఇంకేం చేసినట్టు రాసి లేదు. రెండేళ్ళ తర్వాత అబ్షాలోము అమ్నోనుని చంపించాడు, ఆ ఇల్లంతా ముక్కలైపోయింది. తామారుకి మాత్రం ఎవరూ న్యాయం చెయ్యలేదు. మీ సంఘంలో ఒక అమ్మాయి గానీ అబ్బాయి గానీ వచ్చి ఇలా జరిగింది అని చెప్తే, మొదటి మాటగా అక్కడికి ఎందుకెళ్ళావు అని అడక్కండి, తామారుని వాళ్ళ నాన్నే పంపించాడు. మగపిల్లలైతే ఆడవాళ్ళతో చెప్పుకోలేరు, వాళ్ళకి వినే ఒక అన్నని కేటాయించండి. మోసం చేసినవాడు క్వయర్ లీడర్ అయినా, పెద్దగారి అబ్బాయి అయినా, ముందు ఆ మైకు దగ్గర్నించి పక్కన కూర్చోబెట్టి విచారించండి. మా సంఘంలో ఆడపిల్లలకి వచ్చే శనివారం సాయంత్రం ఈ అధ్యాయాలే చదువుతున్నాం, అమ్మలు కూడా వచ్చి కూర్చోవచ్చు, తలుపులు తెరిచే ఉంటాయి.